రెండు కుండల ఎలక్షన్

1925 ఫిబ్రవరి 8, ఆదివారం. ఆరాధన అయ్యాక బడి పంచలో బారుగా కూర్చుని అడ్డాకుల్లో సామన్నం, చిక్కుడుగింజల పులుసు, కోడికూర తిన్నాం. కోడికూర వడ్డించింది కనక. నా ఆకులో మెడముక్క పడింది. పక్కనున్న అహరోనుగారి ఆకులోనూ మెడముక్కే పడింది. ఆ రోజు కోసినవి రెండే కోళ్ళు. రెండు మెడలూ మా ఇద్దరికే రావడం అనుకోకుండా జరిగింది కాదని, ఆమె గరిటె పట్టుకున్న తీరు చూస్తేనే తెలిసింది.

"ఇంకొంచెం కూర," అన్నాను.

"మెడ అయిపోనాది," అంది కనక, పక్క ఆకు దగ్గరికి జరుగుతూ.

"మెడే కానక్కర్లేదు."

"మీకు అదే మంచిది మాస్టారు. అహరోనుగారు ఏటన్నా ఊపాల కదా. బలం ఉండాల."

బారులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

అనంతగిరి దాటి ఘాట్ బాటలో పైకి వస్తే మా మిషన్ గూడెం. ఒక పక్క మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవుల ఇళ్ళు, ఇంకో పక్క కొండవాళ్ళ ఇళ్ళు, మధ్యలో దొరసానమ్మ డిస్పెన్సరీ, రెండు గదుల బడి. ఒక గదిలో మగపిల్లలకు నేను చెప్పేవాణ్ణి. విశాఖపట్నంలో కాలేజీ చదువు ముగించి, ఆ కిందటి జూన్‌లోనే కొండెక్కాను. రెండో గదిలో ఆడపిల్లలకు కనక చెప్పేది. ఆమె ఆ ఊరి పిల్లే. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దేవమణి అని పేరు మారుస్తామంటే, "దేవుడికి నా పేరు పలకడం రాదేటి?" అని అడిగి, కనకగానే నీళ్ళలోకి దిగి కనకగానే పైకొచ్చిన మనిషి.

బడినీ డిస్పెన్సరీనీ చూసుకోడానికి అయిదుగురు పెద్దల కమిటీ ఉండేది. అందులో ఒకాయన ఆ చలికాలం మన్యం జ్వరంతో పోయాడు. సరిగ్గా అప్పుడే కింద మిషన్ నుంచి కబురొచ్చింది. ఆడపిల్లల క్లాసు ఉంచాలో, తీసేసి ఆ గదిని మగపిల్లల హాస్టలుకు ఇవ్వాలో మార్చి నెలాఖరులోగా కమిటీయే తేల్చి చెప్పాలి. మిగిలిన నలుగురిలో ఇద్దరు ఉంచాలన్నారు, ఇద్దరు తీసేయాలన్నారు. తీసేయాలన్న పక్షానికి అహరోనుగారు పెద్ద. ఆయన కమిటీ అధ్యక్షుడు, మా ఉపదేశి. ఉంచాలన్న పక్షానికి సోంబరు పెద్ద. అతను కొండవాళ్ళ నాయుడు, అంటే వాళ్ళ ఊరిపెద్ద, కనకకు మేనమామ.

అంటే ఖాళీగా ఉన్న అయిదో కుర్చీ ఎటు మొగ్గితే క్లాసు అటు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడదామని అహరోనుగారు ఆ ఉదయం ఆరాధన చివర ప్రకటించారు. నేను తల ఊపాను. మెడముక్క వెనక ఉన్న కథ అదీ.

ఆకులు తీస్తుండగా దొరసానమ్మ లేచి నిలబడింది. ఆవిడ లండన్ మనిషి. తెలుగు బైబిలు చదివి నేర్చుకుంది.

"నేనొక సంగతి చెప్పగోరుచున్నాను," అంది. "నా చెల్లెలు లూసీ లండను పట్టణపు కౌన్సిలుకు నిలుచుచున్నది. మార్చి అయిదవ దినమున అచ్చట ఎలక్షను. స్త్రీలును పురుషులును ఓటు వేయుదురు. ఇచ్చటను ఆ దినముననే ఆలాగు చేయుదము. ఈ కుర్చీ కొరకు ఎవరు నిలుచుదురు?"

"మన యేసురత్నం మాస్టారున్నారు కదండీ," అన్నారు అహరోనుగారు.

"ఒక్కడే నిలుచునది ఎలక్షను కాదు."

"నేను నిలబడతాను," అంది కనక. చేతిలో కూర గరిటె ఇంకా అలాగే ఉంది.

అహరోనుగారు మెత్తగా నవ్వారు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ కమిటీలు?"

"మీరు తీసేత్తామన్నది ఆడపిల్లల క్లాసు కదండి. దానికి మగోళ్ళెందుకు?"

"ఓసె గుంటా, కూకోయే," అన్నాడు సోంబరు, మేనకోడలు అందరి ముందూ మాట్లాడుతోందని సిగ్గుపడి.

"కూకుంటాను మావా. ఆ కుర్సీలో."

దొరసానమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్న తీరులో ఏదో పండగ కనిపించింది.

మర్నాడు సాయంత్రం బడి వదిలాక ఊట దగ్గరికి వెళ్ళాను. కనక కుండ నింపుకుంటోంది.

"కనకమ్మగారూ," అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. "ఎవురో గారు వొచ్చారేటి?"

"మీతోనే మాట్లాడుతున్నాను."

"మాటాడండి."

"ఆ కుర్చీలో నేను కూర్చున్నా, క్లాసు ఉంచాలనే చెబుతాను. మీరు అనవసరంగా నలుగురి నోళ్ళలో పడకుండా..."

ఆమె కుండను రాతి మీద దించింది. దించిన తీరుకు సగం నీళ్ళు నా పంచె మీద పడ్డాయి.

"రేపు అహరోనుగారు మిమ్మల్ని పిలిసి, 'గది హాస్టలుకి ఇయ్యకపోతే నిన్ను కొండ దింపేత్తాను' అన్నారనుకోండి. అప్పుడేటి సేత్తారు?"

నేను పంచె పిండుకున్నాను.

"మీరు మంచోరే మాస్టారు," అంది. అది మెచ్చుకోలులా లేదు. "అయితే నా క్లాసు మీ మంచితనం మీద నిలబడాలా? మీకు జొరమొస్తే దానికీ జొరమొచ్చేద్ది. మీకు బదిలీ అయితే దానికీ బదిలీ అయిపోద్ది."

"పోనీ, నేను తప్పుకుంటాను."

"ఒద్దు. మీరు తప్పుకుంటే ఇంకో మగోణ్ణి పెడతారు. ఇత్తే తీసుకోడానికి నేను రాలేదు. మీరు గట్టిగా నిలబడండి, మీ మీదే గెలుత్తాను."

"అంత నమ్మకమా?"

"లండన్‌లో లూసమ్మకి ఉందో లేదో నాకు తెలీదు. నాకుంది."

ఆమె కుండ ఎత్తుకోబోతుంటే సాయం పట్టబోయాను.

"ముట్టుకోకండి," అంది. "పోటీలో ఉన్నోళ్ళం."

తలమీద కుండతో ఆమె గట్టు ఎక్కిపోతుంటే, నేను తడిసిన పంచెతో నిలబడి చూశాను. కాలేజీలో నాకు ఎవరితోనూ పోటీ పడే అలవాటు లేదు. ఓడిపోతే బాగుండునని అనిపించిన పోటీ అదొక్కటే.

ఆ నెల్లాళ్ళూ కనక ఇల్లిల్లూ తిరిగింది. పొద్దుటే పొలం గట్ల మీద, మధ్యాహ్నం డిస్పెన్సరీ బయట రోగుల దగ్గర, సాయంత్రం ఊట దగ్గర. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా నా మీద ప్రచారం జరుగుతూనే ఉండేది. నా కిటికీ పక్కనుంచి పోతూ ఆడపిల్లలు, "మాస్టారికి ఓటేత్తే మాస్టారికే మంచిది, కనకమ్మకి ఓటేత్తే మాకు మంచిది," అని పాట కట్టి పాడేవాళ్ళు. రాగం మాత్రం నేను నేర్పిన కీర్తనదే.

ఒకనాడు ఆమె మా పంచలోకీ వచ్చింది.

"మాస్టారు, మీ ఓటు నాకే ఎయ్యాల."

"నేనూ నిలబడ్డాను కదండీ. నాకే వేసుకోవద్దా?"

"ఎందుకు? మీ కళ్ళకి నాకంటే మీరే బాగున్నారా?"

ఈ ప్రశ్నకు విశాఖపట్నంలో ఎవరూ నాకు జవాబు నేర్పలేదు. ఆమె, జవాబు రాకపోవడమే తనకు కావలసిన జవాబన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా పొయ్యి మీద అన్నం మాడిపోయింది. మాడిన వాసన చూసి పక్కింటి పైడమ్మగారు అడక్కుండానే గిన్నెడు అంబలి తెచ్చి పెట్టి, ఏమీ అడక్కుండానే వెళ్ళిపోయారు. లోకంలో అడక్కుండా పెట్టేవాళ్ళు, పెట్టి అడక్కుండా ఉండేవాళ్ళు ఉన్నారన్నది నాకు ఇప్పటికీ ధైర్యం ఇచ్చే సంగతి.

మార్చి అయిదు వచ్చింది. బడి గదిలో బెంచీ మీద రెండు కుండలు పెట్టారు. కనక కుండ మీద సున్నంతో పువ్వు, నా కుండ మీద పుస్తకం. కుండలకు ముందు చీర అడ్డం కట్టారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, తమకు కావలసిన కుండలో ఒక చోడిగింజ, అంటే రాగిగింజ, వేసి రావాలి. దొరసానమ్మ ఈ సంగతి ముందురోజే అందరికీ చెప్పింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ తలకు నూనె రాసుకుని మరీ వచ్చారు.

పొద్దెక్కేసరికి అందరూ వేసి వచ్చారు. దొరసానమ్మ చీర తొలగించింది.

రెండు కుండలూ చోళ్ళతో నిండి ఉన్నాయి. బెంచీ మీదా, కిందా కూడా పొర్లి ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, కొండమీద ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడితే ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకుండా పంపరు. అంతకంటే అవమానం లేదు. అందులోనూ ఒక్క గింజ పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళ్ళడమంటే నవ్వులాట. అందుకని ప్రతివాళ్ళూ ఇంటి దగ్గర్నుంచి కొంగులో చోళ్ళు తెచ్చుకున్నారు. ఒక దోసెడు ఈ కుండలో, ఒక దోసెడు ఆ కుండలో, ఎవరికీ తక్కువ కాకుండా పోశారు.

"నువ్వు కూడానా అమ్మా?" అంది కనక, వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ వైపు తిరిగి.

"మాస్టారు పొరుగూరి బిడ్డ. ఆయన కుండ కాళీగా ఉంటే సూడలేకపోనాను," అంది అప్పలనర్సమ్మ.

దొరసానమ్మ కుండల్లోకి చాలాసేపు చూసింది. "ఇది ఎలక్షను కాదు," అంది చివరికి. "ఇది కోతకాలము."

అహరోనుగారు గొంతు సవరించుకున్నారు. "ఓటంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఓటు పెట్టిన ఫలితం ఇదీ. ఇక పాత పద్ధతిలోనే కమిటీ ఎంచుకుంటుంది. మాస్టారే. సోంబరూ, ఏమంటావు?"

సోంబరు మీసం దువ్వుకున్నాడు. సొంత మేనకోడల్ని పైకి తోస్తున్నాడన్న మాట పడటం అతనికి ఇష్టం లేదు. "మాస్టారు మంచోడే," అన్నాడు.

"మగోళ్ళు కూడా రెండు కుండల్లోనూ పోసారు కదండి," అంది కనక. "తెలీనిది ఆడోళ్ళకేనా? మళ్ళీ ఓటు పెట్టండి."

"మళ్ళీ పెట్టాలి," అన్నాను నేను కూడా.

"చైత్రం పండగ వెళ్ళాక చూద్దాం," అన్నారు అహరోనుగారు.

"పండగెల్లీసరికి మార్చి అయిపోద్ది."

"అవునమ్మా," అన్నారాయన. "అయిపోతుంది."

కమిటీ మాటకు అడ్డం చెప్పే అధికారం దొరసానమ్మకు లేదు. పెదవులు బిగించి, కుండల్లోని చోళ్ళు బుట్టలోకి ఎత్తించింది. ఆ నెలంతా డిస్పెన్సరీలో రోగులు మా ఎలక్షన్ అంబలే తాగారు.

మరో వారానికి అహరోనుగారు నన్ను పిలిచారు. క్లాసు తీసేస్తున్నట్టు తీర్మానం రాసి ఉంచారు. సంతకం పెట్టమన్నారు.

"పెట్టనండీ," అన్నాను.

"పెట్టకపోతే నీకు కింద బడికి బదిలీ రాయిస్తాను."

కనక ఊట దగ్గర చెప్పింది ఇదే. ఆమె ముందే చెప్పి ఉండకపోతే ఆ క్షణాన సంతకం పెట్టేసేవాణ్ణేమో. "రాయించండి," అన్నాను.

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "నీ పేరు ఇంకా కమిటీ పుస్తకంలో ఎక్కలేదు, ఇక ఎక్కించను. గడువుకీ ఇద్దరికి ఇద్దరే ఉంటే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. పండగ సందడిలో ఎవరూ అడ్డం రారు, అప్పుడే కిందికి వెళ్ళి ఇచ్చేసి వస్తాను."

ఆ మాట కనకకు చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"పండగలోనే ఎల్తారా?" అని మాత్రం అడిగింది.

"అవును."

"ఘాట్ బాటలోనేనా?"

"ఇంకో బాట ఎక్కడుంది?"

"లేదు," అంది కనక. ఆమె ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది. "మాస్టారు, మీరు మా మావతో ఏటకి ఎల్లండి. పండగపూట మగోడు ఊళ్ళో కూకుంటే బాగోదు."

చైత్రంలో వచ్చే ఆ ఇటుకల పండగకు కొండవాళ్ళ మగవాళ్ళంతా విల్లంబులతో అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు బాటకు అడ్డంగా గెడ పట్టుకుని నిలబడతారు. ఎవరు ఆ దారిన వచ్చినా వాళ్ళు అడిగింది ఇచ్చి గెడ దాటాలి. సర్కారు అధికారి గుర్రం మీద వచ్చినా అంతే. ఇక వేటకు వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొస్తే, ఆ పూట ఊళ్ళో ఆడవాళ్ళ మాటే చెల్లుతుంది. దాని మీద మగవాడు నోరెత్తకూడదు.

మేం ఉత్తచేతులతోనే వచ్చాం. పంది దగ్గరికి వచ్చినప్పుడు నేను తుమ్మానని సోంబరు అంటాడు. ఆ రోజంతా తుమ్మింది అతనే. సాయంత్రానికి మబ్బు పట్టింది. మామిడిపూత వాసన, దూరాన తడిసిన మట్టి వాసన కలిసి వస్తున్నాయి. బాట మలుపు తిరగ్గానే తుడుం మోత వినిపించింది.

బాటకు అడ్డంగా వెదురు గెడ. దానికి ఇవతల ఊళ్ళో ఆడవాళ్ళందరూ, నడుమ కనక. కొండవాళ్ళే కాదు, మిషన్ ఆడవాళ్ళూ ఉన్నారు. గెడ పట్టుకున్న ఒక చివర పైడమ్మగారే. అవతల వైపు రెండు మూటలతో పొట్టి గుర్రం మీద అహరోనుగారు. ఇవతల ఆడవాళ్ళ పక్కన, అప్పుడే కిందనుంచి వచ్చిన తపాలా మోసే గాసి, చేతిలో గజ్జెల బల్లెంతో.

"ఇది సర్కారు సంచి. ఆపితే జైలు," అంటున్నాడు గాసి.

"సంచిని ఆపలేదు. సంచి ఎల్లిపోవచ్చు. నువ్వు ఆగు," అంది కనక.

"నేను ఎల్లకుండా సంచి ఎలాగెల్తాది?"

"అదీ నువ్వే ఆలోసించుకో."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అహరోనుగారు జేబులో చెయ్యి పెట్టారు.

"ఏం కావాలో చెప్పండమ్మా. వాన వచ్చేలా ఉంది."

"డబ్బులొద్దండి," అంది కనక. "ఓటు కావాల. ఇక్కడే, ఇప్పుడే, మళ్ళీ."

"ఇది దౌర్జన్యం."

"పండగండి. ఇరవై ఏళ్ళబట్టి ప్రతేటా ఈ గెడ దాటుతున్నారు కదా. ఎప్పుడైనా దౌర్జన్యమన్నారా?"

అప్పుడే గొడుగు పట్టుకుని దొరసానమ్మ, వెనకాల మిషన్ మగవాళ్ళతో దిగివచ్చింది. గెడ, గుర్రం, గాసి, ఉత్తచేతులతో మేము, అన్నీ ఒకసారి చూసింది. గాసి సంచిలోంచి ఆవిడకు లండన్ ఉత్తరం తీసి ఇచ్చాడు. నిలబడే చదివింది. చదువుతున్నంతసేపూ తుడుం ఆగిపోయింది.

"లూసీ ఓడిపోయెను," అంది ఆవిడ.

అహరోనుగారు గుర్రం మీద నిటారుగా కూర్చున్నారు. "చూశారా? లండన్‌లోనే ఇవ్వలేదు."

ఆడవాళ్ళ ముఖాలు వాడాయి. కనక మాత్రం గెడ వదలలేదు.

"దొరసానమ్మా, మీ సెల్లి ఏడిసిందా?"

ఆవిడ ఉత్తరం మళ్ళీ చూసింది. "లేదు. మరునాడు వర్షములో తిరిగి ఇంటింటికి వెళ్ళి, తనకు ఓటు వేసినవారికిని వేయనివారికిని వందనములు చెప్పెను. మూడేండ్లకు మరల నిలుచునట."

"అయితే ఓడిపోలేదు," అంది కనక. "ఇంకా అవ్వలేదంతే. మావా, ఉత్తసేతులతో వొచ్చారు. ఇయ్యాల ఎవురి మాట?"

సోంబరు విల్లు నేలకు ఆన్చాడు. మేనకోడలి వైపు చూసి, అహరోనుగారి వైపు చూసి, చివరికి మబ్బు వైపు చూశాడు.

"ఆడోళ్ళ మాటే," అన్నాడు. "అహరోనుగారూ, గుర్రం దిగండి. నానేటి సెయ్యను. పంది దొరకలేదు."

అహరోనుగారు దిగారు. ఆయన మొండివాడేగాని ఆ కొండమీద ఇరవయ్యేళ్ళు బతికినవాడు. ఆ గెడను తోసుకుని వెళ్ళినవాడికి మర్నాడు ఆ ఊళ్ళో ఎవరూ మంచినీళ్ళు ఇవ్వరని ఆయనకు తెలుసు.

రెండు కుండలూ పొదచాటున సిద్ధంగా ఉన్నాయి. కనక కొంగుముడి విప్పి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క చింతగింజ పెట్టింది.

"ఇనండి," అంది. "గింజ పిడికిట్లో దాసండి. పిడికిలి రెండు కుండల్లోనూ పెట్టండి. మాస్టారి కుండలో పెట్టండి, నా కుండలో పెట్టండి. ఎవురికీ అవమానం లేదు. తెరిసేది మాత్రం ఒక్క దాంట్లోనే. ఏ దాంట్లో తెరిసారో కుండకి తెలుత్తాది, మీకు తెలుత్తాది, అంతే."

అప్పలనర్సమ్మ ముందుగా నవ్వింది. "అలాగైతే పొరుగూరి బిడ్డకీ బాధ లేదు," అంది.

వాన సన్నగా మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి, రెండు కుండల్లోనూ మర్యాదగా పిడికిలి పెట్టి తీశారు. అహరోనుగారు పెట్టారు. గాసి ఈ ఊరివాడు కాకపోయినా పెడతానని బతిమాలాడు, దొరసానమ్మ ఒప్పుకోలేదు. నా వంతు వచ్చింది. కనక వంతు వచ్చింది. చివరికి దొరసానమ్మ గొడుగు కింద, గుర్రపు జీను మీద గింజలు పోసి లెక్కపెట్టింది. చేతివేళ్ళ మీద చెప్పగలిగినంత తేడాతో పువ్వు కుండ గెలిచింది.

అప్పుడు తుడుం మోగింది చూడండి, వాన కూడా దానికి దారి ఇచ్చిందేమో అనిపించింది.

అయిదో మనిషిగా కనక అక్కడే, తడిసిన బాట మీదే తన మాట చెప్పింది. క్లాసు ఉంటుంది. అహరోనుగారు తన కాగితం చింపి, జీను మీద కొత్త కాగితం పరిచి, ఆ తీర్మానం ఆయనే రాశారు. ఆయన దస్తూరీ ఎప్పుడూ ముత్యాల్లా ఉండేది. ఇష్టం లేని మాటను కూడా ఆయన ఆ పూట అంతే అందంగా రాశారు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అప్పుడే. నా బదిలీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆడవాళ్ళు గెడ ఎత్తారు. "ఎల్లండి బాబూ, జాగర్త, జారుద్ది," అని ఆయన గుర్రాన్ని మలుపు దాకా నడిపించి వచ్చింది పైడమ్మగారు.

అందరూ ఆటపాటల్లో పడ్డాక కనక ఇంటివైపు నడిచింది. నేను వెనకాలే నడిచాను. ఆమె నెత్తిన ఆకుల గిడుగు ఉంది. నా నెత్తిన ఏమీ లేదు. కొంతసేపు చూసి, ఆమె ఆగింది.

"రండి. పోటీ అయిపోనాది కదా."

ఒక గిడుగు కింద ఇద్దరు నడవాలంటే ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి. రెండుసార్లు ఆమె కాలు తొక్కాను. మూడోసారి ఆమే తొక్కింది, కావాలనే.

"మీ గింజ ఏ కుండలో తెరిసారు?" అని అడిగింది.

"ఓటు రహస్యమండీ. లండన్‌లో అలాగే."

"లండన్‌లో నాకేటి పని? సెప్పండి."

"మీ కుండలో."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గిడుగు అంచునుంచి జారే నీళ్ళను అరచేత్తో పట్టి వదిలింది.

"నాది మీ కుండలో," అంది.

నేను ఆగిపోయాను. వాన నా మీద పడింది. "అదేమిటి? ఓడిపోయి ఉంటే?"

"ఓడిపోతే మళ్ళీ నిలబడుదును. ఊరు నన్ను ఎంచుకోవాల గాని, నన్ను నేను ఎంచుకోడమేటి? నాకున్నది ఒక్క గింజ. దాంతో నాకు కావలసినోణ్ణి ఎంచుకున్నాను."

నేను మళ్ళీ గిడుగు కిందికి వచ్చాను.

"మా కొండల్లో గుంటే ఎంచుకుంటాది," అంది, ఈసారి నా వైపు చూడకుండా. "మీ కింద ఎలాగో నాకు తెలీదు."

"కింద అయితే పెద్దవాళ్ళు పోగై ఏడాది మాట్లాడుకుంటారు."

"అంత తీరిక నాకు లేదు. సోమవారం క్లాసుంది. బేగి సెప్పండి."

"కనకా," అన్నాను. గారు లేకుండా అదే మొదటిసారి. "నువ్వు ఊట దగ్గర నా పంచె తడిపిన రోజునే నేను ఓడిపోయాను. అప్పటినుంచీ మళ్ళీ నిలబడలేదు."

ఆమె గిడుగును నా వైపు వంచింది. తన భుజం తడిసిపోతున్నా సరిచేసుకోలేదు.

అప్పలనర్సమ్మ మాకంటే ముందే అడ్డదారిన ఇల్లు చేరింది. పొయ్యి రాజేసి, గుమ్మంలో నిలబడి మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏటి, ఊరంతటికీ ఒక్క గిడుగే మిగిలిందేటి?"

"అమ్మా," అంది కనక, "ఎంచుకున్నాను."

"కుండలోనా, బయటా?"

"రెండు సోట్లా."

అప్పలనర్సమ్మ నన్ను లోపలికి రమ్మని, పొయ్యి దగ్గర పీట వేసింది. తుడుచుకోడానికి పాత చీరముక్క ఇచ్చింది. కులం అడగలేదు, జీతం అడగలేదు.

"మా పద్దతిలో మగోడు ఓలి ఇయ్యాల, బాబూ," అంది.

"ఏమివ్వమంటారో చెప్పండి."

"ఆవులొద్దు, రూపాయిలొద్దు. దీన్ని కొండ దింపకు. నాను గుమ్మంలో నిలబడి కేకేత్తే ఇనపడినంత దూరంలో ఉంచు. ఇంకేటీ ఒద్దు."

"ఇస్తాను," అన్నాను.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఇచ్చాను. కింద నుంచి పెద్ద బళ్ళ వాళ్ళు పిలిచినా వెళ్ళలేదు. కనక ఆ కమిటీలో అధ్యక్షురాలైంది, ఆడపిల్లల క్లాసుకు మూడో గది, నాలుగో గది వచ్చాయి. పోయిన శీతాకాలం ఆమెను పడుకోబెట్టింది కూడా ఆ కేక వినపడే మేరలోనే, పనసచెట్ల కింద. కేక వేసే మనిషి అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. అయినా మాట మాటే.

ఆ సాయంత్రం వాన వెలిసేదాకా ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. చీకటి పడుతుంటే లేచాను. కనక గుమ్మం దాకా వచ్చి గిడుగు నా చేతిలో పెట్టింది. వాన లేదు కదా అనబోయి ఊరుకున్నాను. దిగువన మిషన్ ఇళ్ళలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. అప్పలనర్సమ్మ తడికె తలుపు దగ్గర నిలబడి ఉంది. గట్టిగా వేస్తే నన్ను పొమ్మన్నట్టు ఉంటుందనుకుందేమో, నేను మలుపు తిరిగేదాకా ఆగి, తడికెను రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, నేల రాసుకోకుండా, చప్పుడు కాకుండా మూసింది.